ఎడమ చెవి

మూడు నూర్ల యాభై పెట్టి కొంటి
ఆదోని బజార్లో, గాజుల అంగడి పక్కన.
కుడిది చెవిలో కుదురుగా కూర్చుండె.
ఎడమది మాత్రం
పెండ్లి పందిట్లో అలిగిన అల్లుని మాదిరి,
పిలిస్తే వచ్చె, కూర్చోమంటే లేచిపాయె.
సైకిలెక్కితే జారె, నవ్వితే జారె,
ఉగ్గాని నమిలితే ఒళ్లో పడె.

ఇరవై రెండేండ్లు జిన్నింగు మిల్లులో.
మిషన్లు తిరిగినంత సేపూ చెవుల్లో దూది.
దూదికేం కొదవ మాకు,
మాటకే కొదవ.
పక్కోని నోరు చూసి తెలుసుకుంటాంటిమి
బీడీ అడుగుతాండో
బెల్టు తెగిందంటాండో.
అందుకే అనుకుంటి, చెవే చెడిపోయిందని,
సౌండు పెంచుకుంటా పోతి,
కుడి చెవి పాపం రెండింటి పనీ మోసె.

మాబున్ని అంగట్లో స్టూలు మీద కూర్చుని
ఎవరిదో ఫోను పొట్ట విప్పి పెట్టుకుంది.
తలెత్తకుండానే అడిగె:
"రెండు చెవులూ ఒకటే సైజని
ఎవరు చెప్పిరి మామా నీకు?"

నిజమే.
కుడి కాలికి సరిపోయిన చెప్పు
ఎడమ చిటికెన వేలును కొరికితే
చెప్పునే తిడ్తి గానీ కాళ్లను కొలిచి చూసిందెప్పుడు?

డబ్బా మూత తీసె. అన్నీ రబ్బరు టోపీలే.
కందిబ్యాడంత, సీతాఫలం గింజంత,
ఇంకా పెద్దది, రేక్కాయంత.
"తోసి తోసి పెట్టొద్దు, ఇది మేకు కాదు.
కుడి చెయ్యి తల వెనక నుంచి తిప్పు.
చెవి పైకి లాగు. నోరు తెరువు.
కొంచెం మెలిపెట్టు. ఇప్పుడు ఇడువు."
ఇస్కూల్లో అయివారు మెలిపెట్టిన చెవే ఇది.
ఇంత మెత్తగా లాగచ్చని నాకు తెలీదు.

"సందుంటే మద్దెలంతా బయటికి కారిపోతాది.
చిల్లి బిందె పెట్టి
కుళాయిని తిడ్తే ఎట్ల?"

కందిబ్యాడ జారె, సీతాఫలం జారె,
రేక్కాయ నొచ్చె.
ఆఖరికి స్పాంజి ముక్క ఒకటి తీసి
వేళ్ల మధ్య నలిపి, వత్తి మాదిరి చేసి
"పెట్టుకో, పది లెక్కపెట్టు" అనె.

బేలుకు కట్టిన తాళ్లు తెంపుతానే
పత్తి ఊపిరి పీల్చుకుని లేస్తాది చూడు,
అట్ల లేచె నా చెవిలో.
ఐదు కాడ ఆటోల మోత దూరమాయె.
ఏడు కాడ గాజుల బేరం ఆగిపాయె.
తొమ్మిది కాడ నా గుటక నాకే వినపడె,
పాత బావిలో రాయి వేసినట్ల.

అప్పుడు పెట్టితి మా చెక్కభజన.
పోయిన శ్రావణంలో స్టూడియో పిల్లోడు
రెండు మైకులు పెట్టి పట్టింది.
పద్నాలుగు మందిమి.
మూడో చరణంలో ఒక చెక్క తాళం తప్పింది,
ఎవరిదని ఏడాదిగా రచ్చ.
గిడ్డయ్యదేనంటి నేను, పదిమందిలో అంటి.
ఆయప్ప నవ్వి ఊరుకుండె,
భజనకు రావడం మానుకుండె.

మద్దెల ఈసారి కడుపులో నుంచి వచ్చె.
గురువు పాట ఎత్తుకునే ముందు
పీల్చిన గాలి కూడా వినపడె.
గజ్జె వేరు, చెక్కకు కొట్టిన బిళ్ల వేరు,
ఎవరి చోటు వాళ్లది, చీకట్లో నిలబడినట్ల.
మూడో చరణం.
టక్కున, అందరి వెనక, ఒకే ఒక చెక్క.
ఎడమ చెవిలో.

మైకుల ఎడమ పక్క, చివర నిలబడింది
గిడ్డయ్య కాదు.

మళ్లా వింటి. సౌండు తగ్గించి వింటి.
సౌండు తగ్గె, తప్పు తగ్గలే.

"బాగుందా మామా?"
బాగుంది పాపా, చానా బాగుంది.
"ముప్పై ఇయ్యి. జతే అమ్ముతా, ఒకటి ఇయ్యను."
రెండోది జేబులో వేసుకుని
సైకిలు మిల్లు వైపు కాకుండా
గిడ్డయ్య ఇంటి దిక్కు తిప్పితి.
గుంతల రోడ్డు. ఎడమది జారలే.

సందు మొదట్లో దిగి
రెండూ పీకి జేబులో పెట్టుకుంటి.
ఆయప్ప తిట్టేది
ఉత్త చెవుల్తో వినాల.