యాడికి

"యాడికి?" అంటాడు కండక్టరు.
"యాడికే" అంటా.
ముప్పై ఏండ్లుగా అరగని ఎగతాళి ఇది.
కొత్తోడైతే గుర్రుమని చూస్తాడు,
పాతోడు టిక్కెట్టు చింపి చేతిలో పెడతాడు.

నాకు తిరగడం ఇష్టమని ఊరంతా అనుకుంటారు.
కుట్టుమిషన్లు బాగుచేస్తా.
పామిడిలో నైటీలు కుట్టే ఇండ్లకు
వారానికి నాలుగు దినాలు పోతా.
ఇష్టం కాదు.
ఈ పొద్దన్నా నిజం చెప్తా.

బస్సు ఏడున్నరకైతే
ఆరున్నరకే స్టాండులో ఉంటా.
సంచి మీద చెయ్యేసి కూర్చుని
ఇంకా టైము కాని బస్సును తిట్టుకుంటా.
మబ్బులో లేచింది మొదలు
గుక్కెడు నీళ్ళు తాగను,
దావలో ఆపమని అడగాల్సొస్తాదని.
ఆ సిగ్గు కంటే దప్పికే మేలు.

ఎండ ఏ పక్క పడతాదో రాత్రే లెక్క కడతా.
కడపకు పొద్దున పోయేటప్పుడు కుడి పక్క,
మాపటికి వచ్చేటప్పుడూ కుడి పక్కే.
ఈ విద్య నాకెవరూ నేర్పలే.

సీటు దొరికినాక నిద్ర నటిస్తా.
పక్కన నిలబడిన ముసలామె కొంగు
నా భుజానికి తగులుతానే ఉంటాది,
కండ్లు తెరవను.
పెద్దవడుగూరులో ఆమె దిగిపోయినాక
మేలుకున్నట్టు ఒళ్ళు విరుస్తా.
ఈ ముక్క ఇంతవరకు ఎవరికీ చెప్పలే.

గుత్తిలో ఒకసారి టీకి దిగితే
నా పనిముట్ల సంచితో సహా బస్సు పాయె.
పదకొండేండ్లయింది.
మూడోనాడు సంచి దొరికింది కూడా,
ఒక్క నట్టు పోలేదు.
అయినా అప్పట్నుంచి నడుమ ఎక్కడా దిగను.
కిటికీలోంచే ఉగ్గాని వాసన చూస్తా.

సుంకమ్మ అట్ల కాదు.
ఎక్కి కూర్చున్న గడియకే
ముందు సీటామె కూతురి కాన్పు,
వెనక సీటాయన మోకాలి నొప్పి
ఆమెకు తెలిసిపోతాయి.
చెనిక్కాయలు ఒలిచి బస్సంతా పంచుతాది.
నా ఒళ్ళో పొట్టు మిగులుతాది.

రామేశ్వరం పోయొచ్చినాం ఇద్దరం.
సముద్రం ఎట్లుండాదని మద్దిలేటి అడిగితే
ఆమె రెండు చేతులూ చాపింది, చాలక
మెట్టు దిగి వాకిట్లోకి పోయి చాపింది.
నన్నడిగితే నాకు గుర్తుండేది
పెట్టెకేసిన గొలుసు,
తొడకు గుచ్చుకునే తాళంచెవి,
తిరుగు రైలు ఎన్ని గంటలకో అది.
అంత దూరం పోయి
నేను చూసొచ్చింది గడియారం.

తిరిగి రావడమొక్కటే నాకు నచ్చేది.
సిమెంటు ఫ్యాక్టరీ లైట్లు కనపడితే చాలు
భుజాలు వాటంతటవే కిందికి దిగుతాయి.

పోయిన నెల ఒక తప్పు జరిగింది.
పామిడి నుంచి వస్తాంటే
ఇన్నేండ్లు నటించిన నిద్ర
నిజంగానే పట్టింది.
"యాడికి, యాడికి" అని కండక్టరు అరిచినాడు.
ఎవరినో అడుగుతాండాడనుకున్నా నిద్రలో.

కండ్లు తెరిస్తే తాడిపత్రి.
రాత్రి పది. మా ఊరికి ఇంక బస్సు లేదు.
సంచి ఎదకు పట్టుకొని నిలబడినా.
ఏమీ కాలే.
టీ తాగినా. దిగి, నింపాదిగా.
ఇంకోటి తాగినా.
నాపరాళ్ళ లారీ ఒకటి మూలుగుతా పోతాంటే
దాని ఎర్రలైటు మలుపు తిరిగేదాకా
చూస్తా ఉండిపోయినా.
పెన్న దిక్కు నుంచి గాలి,
నీళ్ళు లేకున్నా ఏటి గాలే.
బల్ల మీది మనిషి అడిగినాడు, "యాడికన్నా?"
ఊరి పేరు చెప్పాల్నో
తెలీదనాల్నో తేలక
నవ్వి ఊరుకున్నా.

సుంకమ్మకు ఫోను చేసి
మిషను మొరాయించింది, తెల్లారి వస్తానన్నా.
మొరాయించింది మిషను కాదు.

రేపు మళ్ళీ ఏడున్నర బస్సు.
ఆరున్నరకే పోతా, మారలే నేను.
నీళ్ళ సీసా మాత్రం సంచిలో పెట్టినా,
తాగుతానో లేదో.