పదిహేడో నంబరు అతుకు

దమ్మాం యార్డుల మూడో పట్టా మీద
ఇరవై ఏండ్లుగ కదలని వ్యాగన్ ఒకటి.
కంకర మోసిందట, సిమెంటు మోసిందట,
ఇప్పుడు దాని కడుపుల ఇసుక,
ఒక పిల్లి, మూడు కూనలు.
తుక్కు కింద కిలోల లెక్కన అమ్మిండ్రు.
"కోసెయ్యి" అన్నడు ఫోర్‌మన్.

నేను గ్యాస్ కటర్ ముట్టించంగనే
ఒక ముసలాయన చెయ్యి అడ్డం పెట్టిండు.
జెనోన్. బోగీల తనిఖీకి
ఆరు నెలల కాంట్రాక్టు మీద వచ్చిన పోలండు మనిషి,
ఎండకు ఉడికిన రొయ్య తీరు ఎర్రగయ్యి
మెడకు తడి తువ్వాల చుట్టుకొని తిరిగెటోడు.
మా ఇద్దరి ఇంగ్లీషు కలిపినా
ఒక జేబు నిండది.
అయినా సమజైంది: ఇది ఆయన ఊరి బండి.

వైరు బ్రష్షు తోటి గీకినం.
తుప్పు, తుప్పు కింద ఎరుపు, ఎరుపు కింద ఆకుపచ్చ,
అడుగున ఇనుప బిళ్ల:
నాకు నోరు తిరగని పేరు, 1974.

కింద కూసొని ఇసుకల వేలుతో గీసిండు.
మొదలు ఒక వాగు.
వాగు ఒడ్డున జర్మనాయన కమ్మరి కొట్టం,
గుర్రపు బండ్లకు ఇరుసులు.
రైలు వచ్చినంక కొట్టం పొడుగైంది,
వెయ్యి ఇండ్ల పొయ్యి దాని మీదనే మండింది.
తర్వాత యుద్ధం.
అక్కడ వేలు ఆగింది.
"అప్పుడు కూడ వ్యాగన్లే చేసిండ్రు.
గడియ బయటి దిక్కు ఉండేది."
అంతే.
ఆ జాగల ఇసుకను అరచేత్తోటి సాపు చేసిండు.

కప్పు లేని షెడ్డుల మంచు పడుతుంటే
మొగోళ్లు తక్కువై ఆడోళ్లు వెల్డింగు నేర్చిండ్రట.
పద్దెనిమిదేండ్ల హలీనా అట్ల చేరింది.
ఈయన తల్లి.
పొద్దున సైరన్ కూస్తే
ఊరంత గడియారాలు సరిచేసుకునేదట.
నాకు మా చక్కెర ఫ్యాక్టరీ యాదికొచ్చింది.
సైరన్ అంటె ఆయనకూ సైరనే గాని
మడ్డి వాసనకు మాట దొరకలే.
ముక్కు ఎగబీల్చి చూపిన.
ఆయన నవ్వి, తన ముక్కు పట్టుకొని
"నూనె. వేడి నూనె" అన్నడు.

సమ్మెలైనయి. సర్కారు చేతులు దులుపుకుంది.
కొత్త దొర, ఆ దొర మీద ఇంకో దొర,
వ్యాగన్ ఒక్కటీ బయటికి రాని ఏండ్లు.
"ఇప్పుడు ఏముంది ఆడ?"
"సోఫాలు అమ్ముతరు."

టార్చి పట్టుకొని వెల్లకిల దూరిండు అడుగుకు.
చానసేపు బయటికి రాలే.
వడదెబ్బ తగిలిందేమో అని నేనూ దూరిన.
ఇరుసు మీది దూలానికి ఒక అతుకు,
పక్కన సుత్తితోటి గుద్దిన అంకె: 17.
అప్పుడు ఎవరి అతుకుకు వాళ్ల నంబరు గుద్దాలె.
పదిహేడు హలీనాది.
సకినం మెలి తీరు
వంపు వంపుకు ఒకటే మందం.
ఎన్ని టన్నుల కంకరకూ వెంట్రుకంత పగులు లేదు.
నేను పద్నాలుగేండ్ల వెల్డర్ని,
చెయ్యి పెట్టి తడిమి, చెయ్యి తీసేసుకున్న.

రెండు రోజులు కోసిన.
పిల్లినీ కూనలనూ టూల్ బాక్సు నీడకు మార్చినం.
జానెడు ముక్క మాత్రం పక్కకు పెట్టిన.
తూకంల నాలుగు కిలోలు తక్కువెందుకని అడిగితే
తుప్పు రాలింది సారూ అన్న.

ఆయన పోయేనాడు క్యాంపుల కొక్కెం కాంటాకు
బ్యాగు తగిలిస్తే నాలుగు కిలోలు ఎక్కువ.
ఖర్జూరం డబ్బాలు రెండూ తీసి
నా చేతుల పెట్టిండు.
"లింగ్" అన్నడు.
రాజలింగులో ఆయనకు పలికింది అంతే.

తెల్లారి నాలుగో పట్టా మీద
ఒక బండి అడుగున పగులు అతికిన.
స్టోరుల అంకెల పోట్లు అడిగి తెచ్చుకున్న.
నా నంబరు 216,
ఆకామా అయిన నాటి సంది హెల్మెట్ మీదనే ఉన్నది,
ఇనుము మీదికి ఎన్నడూ ఎక్కలే.
వెల్లకిల పండి, చెమట కండ్లల పడుతుంటే
మూడు అంకెలూ గుద్దిన.
చల్లారినంక చూస్తే
ఆరు తలకిందులై తొమ్మిదైంది.
ఎప్పుడన్న, ఎవరన్న, టార్చి పట్టుకొని
219 ఎవరని వెతుకుతరు.
వెతుకనీ.