ఐదు వందల గీత

నల్లగొండ ట్రైనింగు హాల్ల
బల్ల మీద తెల్లబట్ట పరిచి
హోలీ రంగు కలిపిన నీళ్లు కుమ్మరించి
ఎంత పోయిందో చెప్పమన్నది డాక్టరమ్మ.
ఇరవై రెండేండ్ల సర్వీసు నాది.
కాన్పుల లెక్క నేను పెట్టుకోలె,
రిజిస్టర్లు పెట్టుకున్నయి.
నాలుగొందలు, అన్న.
పక్కన మిర్యాలగూడ పిల్ల మూడొందలే అన్నది.
డాక్టరమ్మ ఖాళీ సీసా తిప్పి చూపించింది:
తొమ్మిది వందలు.

అందరు నవ్విండ్రు. నేను కూడా నవ్విన.
పగటీలి అన్నంల చెయ్యి పెట్టి
కలుపుడు మరిచిపోయిన.

కండ్లు సగమే చూస్తయమ్మా,
దేశదేశాల్ల కొలిచి చూసిండ్రు,
చెయ్యి తిరిగినోళ్ల కండ్లు కూడా, అని
ఆమె చెప్పుకుంట పోతున్నది.
నాకు దేవరకొండ పాత వార్డుల
మూడో మంచం కనబడుతున్నది.

ఈదమ్మ.
నాలుగో కాన్పు. ఆడపిల్ల. మాయ మంచిగనే పడ్డది.
బట్ట మార్చిన. మళ్లీ మార్చిన.
మూడోది మార్చుకుంట ముచ్చట పెట్టిన,
ఈసారి పత్తి ఎన్ని క్వింటాళ్లు ఎల్లిందని.
ఆరు, అన్నది.
కాదు ఏడు, అన్నది.
ఆ తర్వాత లెక్క చెప్పలె.
అంబులెన్సు కొండమల్లేపల్లి దాటలె.
కేసుషీటుల నా చేతిరాత:
రక్తస్రావం మామూలు.

ఎవరు నేర్పిండ్రు నాకు ఆ మాట?
మా అమ్మమ్మ మంత్రసాని.
పాతచీర ముక్కలు పరిచేది,
తడిసిన ముక్కను అరచేతిల ఎత్తి
బరువు చూసి గాని అవతల పెట్టకపోయేది.
నేను గ్లౌజులు తొడుక్కున్న.
బరువు చూసుడు మానేసిన.

ఇప్పుడు గీతల సంచి వచ్చింది.
బాలింత నడుము కింద పరిస్తే
గరాటు లెక్క కిందికి జారి వేలాడే ప్లాస్టిక్.
మూడొందల కాడ ఒక గీత, ఐదు వందల కాడ ఒక గీత.
మా ఆయా దాన్ని పాలపాకిటు అంటది.

మొన్న ఆయితారం రాత్రి
చందంపేట దిక్కు తండా నుంచి నేనావత్ ఘమ్లి.
తొలిచూలు.
పిల్లగాడు ఏడ్చిండు.
తలుపు సందుల నుంచి అత్త
సంచిని చూసి మొత్తుకున్నది,
నా కోడలి నెత్తురు పట్టి
ఎవలకు అమ్ముతున్నరని.
జవాబు చెప్పే టైము లేదు.
మూడొందలు.
మామూలే, అన్నయి నా కండ్లు.
నాలుగొందల ఇరవై.
మామూలే, అన్నయి మళ్ల.
సంచికి నా సర్వీసు తెల్వది.
అది నన్ను మేడం అనది.
ఐదు వందలు.

ఇదివరకు ఒకటి ఇచ్చి, ఆగి, చూసి, ఇంకొకటి.
ఇప్పుడు ఆగుడు లేదు, అన్నీ ఒక్కపారే:
పొత్తికడుపు మీద నా చెయ్యి, పిసుకుడే పిసుకుడు,
ఒక రెక్కకు సూది, ఇంకో రెక్కకు సెలైను,
నెత్తురు నిలిపే మందు,
లోపల ఎక్కడన్న చిరిగిందా అని లైటు.
గోడ మీది చార్టును ఆయా గట్టిగ చదువుతున్నది,
చదువు రాని మనిషి,
బొమ్మలు చూసుకుంట.

ఆరు వందల నలభై కాడ ఆగింది.
నా అరచేతి కింద గర్భసంచి
పచ్చి బత్తాయి లెక్క గట్టిపడ్డది.

అత్తను లోపలికి పిలిచిన.
గీత మీద వేలు పెట్టి చూపించిన,
ఇగో ఇక్కడికి రాంగనే ఉరికినం, అని.
ఆమె చానా సేపు చూసింది.
మా అమ్మ పోయిన నాడు ఇది ఉండెనా, అని అడిగింది.
లేకుండె, అన్న.
ఇంకేమన్న అడుగుతదేమో అని నిలబడ్డ.
కొంగుతోని కోడలి పాదాలు తుడిచి
బయటికి పోయింది.

తెల్లారేసరికి ఘమ్లి చాయ్ అడిగింది, చక్కెర ఎక్కువ.
గడిల ఆరు వందల నలభై అని రాసి
సంతకం పెట్టి
బస్టాండుకు నడుస్తున్న.
పత్తి లోడు ట్రాక్టరు ఒకటి
రోడ్డంత నిండి పోతున్నది.
ఎన్ని క్వింటాళ్లు ఉంటయి సిస్టరమ్మా, అన్నడు చాయ్ బండి పిలగాడు.
కాంట మీద పెట్టి చూడు, అన్న.