మింగుడు

నయీంనగర్‌లో టైర్ల షాపు మీద రెండో అంతస్తు.
ఇనుప మెట్ల చప్పుడును బట్టే
ఎవరు వస్తున్నారో చెప్పగలను.
ఓదెలువి రైల్వే పార్సిల్ ఆఫీసు బూట్లు,
తాహెరావి ఒక పట్టీ తెగిన చెప్పులు.
రాజమల్లు గారు అసలు చప్పుడే చేయరు,
నలభై ఏండ్లు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టిన మనిషి.
కొత్తవాడకు దర్రీలు కొనడానికి ఎవరో పరదేశి వస్తే
ధర ఒక్కటే చెప్పగలిగి,
మిగతా ముచ్చటంతా నోట్లోనే ఉండిపోయిందట.

ఆరున్నర బ్యాచ్.
"మై నేమ్ ఈజ్ ఓదెలు ఐ యామ్ ఫైన్ థాంక్యూ అండ్ యూ"
ఊపిరి తీయకుండా, అటెన్షన్‌లో నిలబడి.
ఎలా ఉన్నావని నేనింకా అడగనేలేదు.

ఈ మాటలకు ఇస్త్రీ ఎక్కువైంది, అన్నాను.
పెండ్లి బట్టలు కట్టుకుని
పాల ప్యాకెట్‌కు పోయినట్టుంది. కొంచెం నలపండి.
బోర్డు మీద "వాట్ ఆర్ యూ డూయింగ్" అని రాసి
నాలుగు మాటల నడుమ సందులు చెరిపేశాను.
వాచు డూయిన్.
"ఐ డోంట్ నో" కాదు, "ఐ డునో",
పెదవులు పూర్తిగా తెరవొద్దు.
సగం మింగాలి,
ముల్లు లేదని నమ్మి చేపముక్క మింగినట్టు.

ఓదెలు నోట్‌బుక్కులో రాసుకున్నాడు: మింగవలెను.

రాజమల్లు గారు చెయ్యెత్తారు. మొదటిసారి.

"మేడం, ఏమనుకోకుండ్రి.
'ఏమి చేయుచున్నావు' అని బడిల రాపిచ్చిండ్రు.
ఇంట్ల మా అవ్వ 'ఏంజేత్తన్నవ్‌రా' అనేది.
గది మింగుడే గదా?
గట్ల మింగినందుకే మా సారు
రూళ్ళకర్రతోటి ఏళ్ళ మీద కొట్టిండు.
ఇప్పుడు మింగుడు నేర్సుకునేతందుకు
మీకు ఫీజు గట్టిన."

కింద ఎవరో టైరుకు గాలి కొడుతున్నారు.
నా దగ్గర జవాబు లేదు.
పరకాలలో ఆరో తరగతి ఉంది.
హాజరు పిలుస్తుంటే పరిగెత్తుకుంటూ
"అత్తన్న టీచర్" అన్నాను.
"ఎవరి అత్తవే?" అంది టీచర్.
పదో తరగతి దాకా నా పేరు అత్త.
ఆ రోజు నుంచి 'వస్తున్నాను'లో
ఒక్క అక్షరం రాలనివ్వలేదు.
ఆ నోటితోనే ఇంగ్లీషు నేర్చాను,
ఆ నోటితోనే కాల్ సెంటర్లో మూడేండ్లు.
హెడ్‌ఫోన్‌లో ఒక ముసలామె, ఎంతో ప్రేమగా,
"ఆర్ యూ ఎ మెషీన్, డియర్?" అని అడిగే దాకా.

బోర్డు తుడిచేశాను.
రాజమల్లు గారూ, మీ దర్రీ ముచ్చట చెప్పుండ్రి,
తెలుగులనే, ఇంట్ల చెప్పినట్టు.

చెప్పారు.
అంచు ఎట్లా పడుతుందో, ఎరుపును రెండుసార్లు ఎందుకు ముంచుతారో,
నడుమ నడుమ "మరి", "గదేందంటే", "ఇగ సూడు",
ఆలోచన తెగిన చోటల్లా ఒక ముడి.
ముడులు లెక్కపెట్టమన్నాను.
తాహెరా పదిహేడు అంది, ఓదెలు పంతొమ్మిది.
ఇద్దరూ కాసేపు కొట్లాడుకున్నారు.
ఆ ముడి దగ్గరే ఇంగ్లీషువాళ్ళు
"వెల్" అంటారు, "యూ నో" అంటారు.
వాళ్ళకూ తెగుతుంది దారం.

ఆయన బొటనవేలితో బెంచీ అంచు నొక్కుతూ,
లేని పోగు కోసం వెతుకుతూ,
"వెల్... దిస్ రెడ్, యూ నో,
టూ టైమ్స్ డిప్. మరి... వన్ టైమ్, నో షైన్."

ఆ "మరి"ని దిద్దాలా?
చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డాను.
"టూ టైమ్స్ డిప్" కూడా వదిలేశాను ఇవ్వాళ్టికి.
మెరుపు కోసం చెబుతున్నాడు మనిషి.

ఎనిమిదికి అందరూ దిగిపోయారు.
"సీయా మేడం" అని ఓదెలు మెట్ల కింది నుంచి అరిచాడు,
అద్దం ముందు చాలాసార్లు అన్నట్టుంది.
తాళం వేసి, ఫోన్ వెలుగులో మెట్లు దిగుతూ
ఒక్కదాన్నే అని చూశాను,
అత్తన్న.
అత్తన్న.
కింది పెదవి ఇంకా అలవాటుగా
'వ' కోసం పంటిని తాకుతోంది.