చూసిన చోటు

ఫిరంగిపురం పశువుల ఆసుపత్రిలో
ఇచ్చిన కాగితం మీద
మూడో గడి దగ్గర ఆగిపోయాను.
మొదటిది పేరు. చాట్ల యేసోబు.
రెండోది ఊరు. కొండవీడు కింద.
మూడోది, చూసిన చోటు.

ఆ చోటు చెప్పాలంటే
అక్కడ నేనెందుకున్నానో చెప్పాలి.

మా నాయన నాకు పలక కొనలేదు గానీ
గిట్టల జాడ చదవటం నేర్పాడు.
లోతుగా దిగితే చూలుది.
మట్టి వెనక్కి చిమ్మితే బెదిరింది.
పెంటికలు వెచ్చగా ఉంటే మాట్లాడొద్దు.
అంతా బాగున్నవాటి చదువే.
జబ్బుపడ్డ దుప్పి ఎట్టా నడుస్తుందో
ఆ పాఠం రాకముందే నాయన పోయాడు.

మొన్న తెల్లారగట్ల
సీతాఫలం తుప్పల్లో నేను కట్టిన
సైకిలు బ్రేకు తీగను చూసుకుందామని పోతే
ఉచ్చుకి రెండు బారల ఇవతల
నిలబడి ఉంది, చుక్కల పోతు.
గాలి నా వీపు మీంచి దానివైపే వీస్తోంది.
నా వాసన తగిలే ఉంటుంది.
కదల్లేదు.

ముందు సంతోషపడ్డాను. దాచను.
ముప్ఫై కిలోల కూర నిలబడి పిలుస్తుంటే
ఎవడి కడుపు ఆగుద్ది?

తర్వాత మూతి చూశాను.
సొంగ, నేలదాకా, తెగకుండా.
కాలే పెనం మీద నిలబెట్టినట్టు
ఒక కాలు దించి ఇంకో కాలు ఎత్తుతోంది.
గిట్టల సందున ఎర్రటి చీలిక, నిండా ఈగలు.
గడ్డిపోచ నోటిదాకా తీసుకుని
వదిలేసింది.
మళ్లీ తీసుకుంది. మళ్లీ వదిలేసింది.

ఒకసారి కిళ్లీలో సున్నం ఎక్కువై నా నోరు పొక్కితే
మూడు రోజులు గంజి కూడా దిగలేదు.
అదే గుర్తొచ్చింది, ఎందుకో.

ఆ సొంగ నాకు కొత్త కాదు.
పోయిన నెల మా ఆదెమ్మ గేదెకు కారింది ఇదే.
గాలికుంటు.
టీకాల బండి వచ్చిన రోజు
సూదేస్తే పాలు తగ్గుతాయని ఎవరో అంటే
గొడ్లన్నిటినీ కొండ మీదికి తోలేశాం.
ఎండలకి పైన చెలమ ఇంకిపోయి
దుప్పులు రాత్రిళ్లు మా తొట్టి దగ్గరికే దిగాయి.
మూతీ మూతీ ఆనకపోయినా
నీళ్లు మోసుకుపోతాయి.

అంటే, నా తీగ కంటే ముందే
మా ఊరి తొట్టి దాన్ని పట్టుకుంది.

ఉచ్చు విప్పి జేబులో పెట్టుకున్నాను.
ఇంటికొచ్చి చెప్పులు సున్నపు నీళ్లలో ముంచాను.
బావమరిది నవ్వాడు:
"ఊరుకోరా. చస్తే నక్కలు చూసుకుంటాయి.
చెప్పినోడు జైలుకి పోతాడు."
అతను అన్నదాంట్లో అబద్ధం లేదు.
రాత్రంతా తొట్టి దగ్గర చప్పుడు వింటూ పడుకున్నాను.
ఎన్ని వచ్చాయో లెక్క తెలియలేదు.

సబీహా డాక్టరమ్మ కుర్చీ లాగి అడిగింది:
నురగా, తీగలా సాగుతోందా?
ఎన్ని కుంటుతున్నాయి?
పిల్లలు చచ్చి పడున్నాయా?
నువ్వు ముట్టుకున్నావా?
ఒక్కోదానికీ చెబుతుంటే
ఆమె పెన్ను నా మాట వెంట పరుగెత్తింది.
అడవి గురించి నాకు తెలిసింది
ఇంతదాకా ఎవరూ రాసుకోలేదు.
ఫారెస్టోళ్లు కూడా అడిగింది ఒకటే,
ఎన్ని చంపావురా అని.

మూడో గడి మాత్రం ఖాళీగా ఉంది.
"రాయటం రాకపోతే చెప్పు" అందామె.
వచ్చు.
పెద్ద బండ దాటాక ఎడమ పక్క,
సీతాఫలం తుప్పలు,
నేను ఉచ్చు కట్టిన చోటు.
గడి చాల్లేదు. అంచు మీదికి పోయింది రాత.

చదివింది. నన్ను చూసింది.
రేంజి ఆఫీసుకి ఫోను చేసి
"కూర్చో యేసోబూ" అంది.

బయట ఎవరిదో గేదె నోరు తెరిచి
నాలుక బయటికి లాగి చూస్తున్నారు.
జేబులో తీగ తొడకి గుచ్చుకుంటోంది.
జీపు చప్పుడు వింటే
పరుగెత్తటం కాళ్లకి అలవాటు.
గేటు దగ్గర జీపు ఆగింది.

కదల్లేదు.