డాలు పట్టినవాడు

మనామాలో, బాబ్ అల్ బహ్రెయిన్ వెనక సందులో
మా కొట్టుకు బోర్డు లేదు. కాగిన ఇత్తడి వాసనే ఆనవాలు.
ఆగస్టు. ఏసీ కింద బకెట్టు నిండుతోంది.
ఆమె వచ్చి, గుడ్డలో చుట్టిన పలకను బల్ల మీద పెట్టింది
అరువు తెచ్చుకున్న పళ్ళెం తిరిగిచ్చినట్టు.

మూడో బారన్ పెన్‌రిడ్జ్ కూతురు. పేరు రోవెనా.
అద్లియాలో, రెండు గదుల అద్దె ఇంట్లో,
పోయిన నెల పోయాడట ముసలాయన.

పలక నడుమ డాలు. డాలంతా అడ్డగీతలు.
అడ్డగీతలంటే నీలమట, సముద్రమట.
అందులో మూడు ముత్యాలు.
పైన కిరీటం, దానికీ ముత్యాలే:
ఉన్నవి ఆరు, కనబడేవి నాలుగు.
కుడివైపు, అంటే చూసేవాడికి ఎడమవైపు,
నడుం దాకా సింహం, కింద చేప.
ఇవతల మనిషి.
ముక్కుకు బిళ్ళ, నడుముకు తాడు, కాలికి రాయి.
తొంభై ఏళ్ళుగా ఒంటిచేత్తో డాలు మోస్తున్నాడు.

వేలితో తడిమాను. పక్కటెముకలు తగిలాయి.
చెక్కినవాడెవడో, ఆకలి ఎరిగినవాడు.

ముత్తాత ముత్యాల పడవల లెక్కలు రాసి
రాజుగారి చేత బిరుదు పట్టాడట.
తాత ఉన్నదంతా అమ్మాడు.
నాన్నకు మిగిలింది, పేరు ముందు ఒక మాట.
ఆ మాట కూడా, కాగితంలో రాసి ఉందట,
ఒంట పుట్టిన మగవాళ్ళకే.
"నేనూ పుట్టాను గానీ" అని ఆగిపోయింది.

పెంబర్తిలో మా అమ్మ లతలు చెక్కేది.
ఆ పళ్ళేలన్నీ మద్దోజు రాజలింగం పనితనంగానే అమ్ముడుపోయాయి.
ఇది ఆమెకు చెప్పలేదు.
నా ఇంగ్లీషు అంత దూరం పోదు.

కిరీటం తీసెయ్యాలంది. సింహం వద్దు, మనిషి వద్దు,
అవి బిరుదున్నవాళ్ళకు.
ఆడవాళ్ళకు డాలు కూడా ఉండదట, యుద్ధానికి పోరు గనక.
నిలువు వజ్రంలా కోసిస్తే చాలు,
అవే గీతలు, అవే మూడు ముత్యాలు.
కింది పట్టీ మీద ఏముందన్నాను.
"లోతు నాది" అని లాటిన్‌లో.
దిగినవాడొకడు, లోతు ఇంకొకడిది.
ధర మాట్లాడమని కోయా సేట్ దగ్గాడు.

రాత్రి రంపం పట్టాను.
కిరీటం తేలిగ్గా వచ్చేసింది.
చేపతోక దగ్గర రెండు బ్లేడ్లు విరిగాయి.
వాడి వేళ్ళు మాత్రం డాలు అంచును పట్టుకుని ఉన్నాయి.
వేళ్ళన్నా తెగాలి, అంచన్నా తెగాలి.
అంచు కోశాను.
వజ్రం గోరంత చిన్నదయింది.
పొద్దున ఆమె బొటనవేలితో ఆ అంచు రాసి చూసి,
ఏమీ అనకుండా డబ్బులిచ్చింది.

తుక్కు కొట్టువాళ్ళది. తూకమేస్తే నాలుగొందల ఫిల్సు.
మనిషిని కొనడం నాకిదే మొదలు.

గుదైబియాలో, ఆరుగురి గదిలో,
నా మంచం పక్క కిటికీకి ఆనించాను.
చెయ్యి ఇంకా ఎత్తే ఉంది, అందులో ఏమీ లేదు.
కాలి రాయి కొయ్యలేదు.
సన్నపు పని. శుక్రవారం చూడాలి.