భూమి గడి

చిటికేసినంతల పానం పోతది,
గందుకే చిటుకు రోగమంటరు మావోళ్లు.
ఎంట్రెన్సుల దాని పేరు పొడుగ్గ వచ్చింది.
గుర్తువట్టి గుండ్రం దిద్దిన.
పోయిన వానకాలం పదకొండు పిల్లలు
నా ఒళ్లెనే మెడలు వాల్చినయి.

నెమరేసే జీవానికి నాలుగు పొట్టలని
మక్తల్ కాలేజీల సారు బొమ్మ గీసిండు.
మూడోదాన్ని నేను
బీరప్ప పండుగకు బోటి కడిగినప్పుడే చూసిన.
పొర మీద పొర, పుస్తకం లెక్క.
మా ఇంట్ల నేను తెరిచిన మొదటి పుస్తకం గదే.

ఎండాకాలం మేతకని కృష్ణ ఒడ్డుకు పోయినం.
ఫోనుకు చార్జింగు లేదు.
తలకింద నోట్సు వెట్టుకోని
చదివిందే మల్ల మల్ల నెమరేసిన.
ఫిజిక్సు ఒక్కటే,
ఏ గొర్రె మూతి వెట్టని జిల్లేడు.

మీసేవల పిల్లగాడు అడుగుతుండు:
"రైతు కోటానా? భూమెంత? పాసుబుక్కేది?"
నలభై రెండు గొర్లు, ఒక పొట్టేలు,
మేపేది ఎవరిదో బీడు.
"మందకు పాసుబుక్కు ఇయ్యరా సారూ?"
మా నాయిన నిజంగనే అడిగిండు.
పిల్లగాడు నవ్వలే.
గడి ఖాళీగ వెట్టి, రేపు రాండ్రి అన్నడు.

రాత్రి గొంగడి దులుపుకుంట
ర్యాంకెంతని అడిగిండు నాయిన.
ఆరు వేల నూట పన్నెండు.
"అబ్బో, గంత పెద్ద మందనా!"
కాదే నాయినా, నా ముందట గంతమంది ఉన్నరు.
జరసేపు ఊకున్నడు.
"ఎనుక నడిచెటోనికే బిడ్డా,
కుంటిది కనవడేది."

దొడ్లె ఏదో దగ్గింది.
ఇద్దరం ఒక్కపారే లేచినం.